108 బండికి మన ఇల్లు ఎట్లా తెలుస్తుంది?

రాత్రి పన్నెండు దాటింది. ఊరంతా నిద్రలో ఉంది. ఒక్క ఇంట్లో మాత్రం దీపం వెలుగుతోంది. ఆ ఇంట్లో చిన్న కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మగవాళ్ళు ఇంట్లో లేరు. పనికోసం పట్నం పోయారు. అత్తకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

పెద్ద కోడలు ఫోను చేతిలోకి తీసుకుంది. ఒకటి, సున్నా, ఎనిమిది నొక్కింది.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఇట్లాంటి రాత్రి ఎవరి ఇంటికైనా రావచ్చు. మనలో చాలామంది 108కి ఫోను చేసినవాళ్ళమే. బండి వచ్చింది. మనిషి బతికింది. "దేవుడిలా వచ్చారు" అనుకున్నాం. ఒక్కోసారి బండి ఆలస్యంగా వచ్చింది. అప్పుడు తిట్టుకున్నాం.

ఇంతకీ ఆ బండి ఎక్కడ ఉంటుంది? దాన్ని ఎవరు పంపుతారు? మన ఊరు, మన ఇల్లు దానికి ఎట్లా తెలుస్తాయి? ఇది తెలిస్తే ఆ రాత్రి మనం ఏం చెప్పాలో, ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ఒకప్పుడు ఎట్లా ఉండేది?

మన అమ్మల కాలంలో కాన్పు కష్టమైతే ఎడ్లబండే దిక్కు. కొన్ని ఊళ్ళలో మంచాన్నే డోలీగా కట్టి మోసేవాళ్ళు. ఊరికి ఒక్క ఫోను ఉంటే గొప్ప. అది కూడా పోస్టాఫీసులోనో, పెద్దవాళ్ళ ఇంట్లోనో ఉండేది. ఆస్పత్రి జీపు ఎక్కడ ఉందో ఆస్పత్రి వాళ్ళకే తెలిసేది కాదు. బయటికి పోయిన బండి తిరిగి వస్తేనే ఎక్కడికి పోయిందో తెలిసేది.

1995లో మన దేశంలో మొబైల్ ఫోను మొదలయింది. మొదట్లో అది డబ్బున్నవాళ్ళ వస్తువు. పదేళ్ళలో ధర తగ్గింది. టవర్లు పల్లెల దాకా వచ్చాయి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలయింది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. గుజరాత్ మొదలైన వేరే రాష్ట్రాలు కూడా దీన్ని పెట్టుకున్నాయి. అంటే ఇది మన గడ్డమీద పుట్టి దేశానికి పోయిన సేవ.

బండి ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది?

108 బండిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానిని జీపీఎస్ పెట్టె అంటారు. బండి ఏ చోట ఉందో ఇది కనిపెడుతుంది. ఎట్లాగో చూద్దాం.

వానాకాలంలో మెరుపు ముందు కనపడుతుంది. ఉరుము కొంచెం ఆగి వినపడుతుంది. మెరుపుకీ ఉరుముకీ నడుమ ఎక్కువసేపు పడితే పిడుగు దూరంగా పడిందని అంటాం. వెంటవెంటనే వస్తే దగ్గరలోనే పడిందని భయపడతాం. అంటే పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుసుకుంటున్నాం.

జీపీఎస్ కూడా ఇదే లెక్క. ఆకాశంలో సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఉపగ్రహం అంటే మనుషులు తయారుచేసి పైకి పంపిన యంత్రం. ఒక్కో ఉపగ్రహం "ఇప్పుడు టైము ఇంత, నేను ఇక్కడ ఉన్నాను" అని ఆపకుండా చెబుతూ ఉంటుంది. రేడియో స్టేషను పాట పంపినట్టే ఇది టైము పంపుతుంది. బండిలోని పెట్టె ఆ మాట వింటుంది. మాట రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంది. దాన్నిబట్టి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది.

ఒక్క దూరం తెలిస్తే సరిపోదు. "గుడి నుంచి వంద అడుగుల దూరంలో ఉన్నాను" అని ఎవరైనా చెప్పారనుకోండి. గుడికి ఏ పక్కన అని వెతుకుతాం? "గుడికి వంద అడుగులు, బావికి యాభై అడుగులు, బడికి రెండు వందల అడుగులు" అని చెబితే ఇక ఒక్క చోటే మిగులుతుంది. నేరుగా అక్కడికే పోతాం. అట్లాగే ఆ పెట్టె కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని తన చోటు తేల్చుకుంటుంది. కొద్ది గజాల తేడాతో చెప్పగలదు.

జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికావి. మన దేశం కూడా నావిక్ అనే పేరుతో సొంతంగా ఇట్లాంటి ఉపగ్రహాలను పంపింది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. పెట్టెకు తన చోటు తెలిసినంత మాత్రాన ఆఫీసు వాళ్ళకు తెలియదు. దానిని ఎవరో ఒకరు చేరవేయాలి. ఆ పని మొబైల్ చేస్తుంది. పెట్టెలో మన ఫోనులో ఉన్నట్టే ఒక సిమ్ ఉంటుంది. అది దగ్గరలోని టవరు ద్వారా కాల్ సెంటరుకు కబురు పంపుతుంది. ఉపగ్రహం చోటు తెలుపుతుంది. టవరు ఆ కబురు మోస్తుంది. టవరు అందని లోయలో బండి ఉంటే కబురు ఆగిపోతుంది.

కాల్ సెంటరులో ఏం జరుగుతుంది?

మనం 108 నొక్కితే ఫోను దగ్గరలోని ఆస్పత్రికి పోదు. మన మండలంలోని బండికీ పోదు. రాష్ట్రానికంతా కలిపి పెట్టిన కాల్ సెంటరుకు పోతుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఫోనులో బ్యాలెన్సు లేకపోయినా పలుకుతుంది.

ఫోను ఎత్తిన మనిషి ముందు కంప్యూటర్ ఉంటుంది. మనం చెప్పింది అందులో రాసుకుంటారు. పటం మీద బండ్లు చుక్కల్లా కనపడతాయి. ఏ బండి ఖాళీగా ఉంది, ఏ బండిలో రోగి ఉన్నారు, ఏ బండి ఆస్పత్రి దగ్గర ఆగి ఉంది, ఇవన్నీ తెలుస్తాయి. అందరికన్నా దగ్గరగా ఉన్న ఖాళీ బండిని చూసి పంపుతారు.

అందుకే ఒక్కోసారి పక్క ఊరి బండి రాదు, దూరం బండి వస్తుంది. "మన మండలం బండి ఏమైంది?" అని కోపం వస్తుంది. ఆ టైముకు అందులో ఇంకో తల్లి బిడ్డ ఉండవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జులై 1న 108, 104 సేవలకు కలిపి వెయ్యికి పైగా కొత్త బండ్లు పెట్టారు. పట్నాల్లో 15 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో, ఏజెన్సీలో 30 నిమిషాల్లో బండి చేరాలని అప్పుడు లక్ష్యం పెట్టుకున్నారు. లక్ష్యం వేరు, జరిగేది వేరు. దారి బాగుండాలి. బండి ఖాళీగా ఉండాలి. ఇంకొకటి కూడా ఉండాలి. అది మన చేతిలో ఉంది.

బండి కనపడుతుంది, ఇల్లు కనపడదు

కాల్ సెంటరుకు తన బండి ఎక్కడ ఉందో బాగా తెలుసు. మన ఇల్లు ఎక్కడ ఉందో మాత్రం తెలియదు. మన ఇంటి మీద జీపీఎస్ పెట్టె లేదు కదా!

"మన ఫోనును బట్టి తెలియదా?" అని అడగవచ్చు. మన ఫోను ఏ టవరు కింద ఉందో ఫోను కంపెనీకి తెలుస్తుంది. కానీ ఒక్క టవరు కింద ఎన్ని ఊళ్ళు! ఎన్ని వాడలు! అర్ధరాత్రి డ్రైవరు ఏ సందులోకి తిప్పాలి?

ఇప్పుడు ఆ ఇంటికి మళ్ళీ పోదాం. పెద్ద కోడలు కంగారుగా మాట్లాడుతోంది.

"సార్, తొందరగా రండి! మా చెల్లెలికి నొప్పులు వస్తున్నాయి!"

"మీది ఏ ఊరమ్మా?"

"కొత్తపల్లి సార్."

"ఏ మండలం అమ్మా?"

"మాది కొత్తపల్లి సార్, అందరికీ తెలుసు. తొందరగా పంపండి!"

ఆమె ఊరు ఆమెకు ఒక్కటే. మన రెండు రాష్ట్రాల్లో కొత్తపల్లులు ఎన్నో ఉన్నాయి. రాంపురాలు ఎన్నో ఉన్నాయి. మండలం పేరు లేకపోతే ఏ కొత్తపల్లికి పంపాలి?

జిల్లా పేరుతోనూ చిక్కు ఉంది. తెలంగాణలో 2016లో కొత్త జిల్లాలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో చేశారు. మన నోటికి పాత జిల్లా పేరే అలవాటు. కంగారులో అదే వస్తుంది.

అత్త పక్కనుంచి అంది: "పెద్దమ్మాయ్, తలుపు వెనక చీటీ ఉంది చూడు. మొన్న ఆశా అమ్మాయి వచ్చినప్పుడు నువ్వే రాసి అంటించావు కదా!"

పెద్ద కోడలికి గుర్తొచ్చింది. దీపం దగ్గరికి పట్టుకుని చదివింది. ఊరు, మండలం, జిల్లా చెప్పింది. "రోడ్డు మీద వేపచెట్టు, దాని పక్కన నీళ్ళ ట్యాంకు. ట్యాంకు దాటినాక ఎడమవైపు రెండో సందు" అని చెప్పింది. తొమ్మిదో నెల అని చెప్పింది. రెండో కాన్పు అని చెప్పింది.

"సరేనమ్మా, బండి బయలుదేరుతోంది. ఫోను దగ్గరే పెట్టుకోండి. బండిలోవాళ్ళు మీకు ఫోను చేస్తారు."

ఆ చీటీ రాసింది ఏడాది కింద అక్షరాలు దిద్దిన చెయ్యి. ఆ చీటీ చదివింది అదే మనిషి కళ్ళు. ఆకాశంలో ఉపగ్రహాలు చూపించలేని సందును ఆ చీటీ చూపించింది.

బండిలో ఉన్నవాళ్ళు

108 బండిలో ఇద్దరు ఉంటారు. ఒకరు బండి నడిపే మనిషి. ఆయనను పైలట్ అంటారు. ఇంకొకరు టెక్నీషియను. రోగిని చూసుకోవడం, ప్రాణవాయువు పెట్టడం, అవసరమైతే కాన్పు చేయడం ఆ మనిషి పని. దారిలోనే బండిలో కాన్పు చేసిన సంగతులు మనం ఎన్నో విన్నాం. ఏదైనా సందేహం వస్తే టెక్నీషియను కాల్ సెంటరులోని డాక్టరుతో ఫోనులో మాట్లాడి సలహా తీసుకుంటారు.

కాల్ సెంటరు నుంచి కబురు అందగానే వాళ్ళు బయలుదేరతారు. ఎప్పుడు బయలుదేరారు, ఎప్పుడు చేరారు, ఏ ఆస్పత్రికి తీసుకుపోయారు, ఇదంతా లెక్కలో రాస్తారు. బండి ఎంత వేగంతో పోతోంది, ఎక్కడ ఆగింది అనేది కూడా కంప్యూటర్‌లో కనపడుతుంది.

దీనివల్ల మేలు ఉంది. బండిని సొంత పనికి తిప్పితే తెలిసిపోతుంది. డీజిలు దొంగలెక్కలు రాస్తే దొరికిపోతుంది. ఏ దారిలో బండ్లు తక్కువగా ఉన్నాయో చూసి సరిచేయవచ్చు.

కానీ యంత్రం అంతా చెప్పదు. బండి ఇరవై నిమిషాలు ఒకచోట ఆగిందని యంత్రం చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు. వాగు పొంగిందేమో. రైలు గేటు పడిందేమో. దారిలోనే బిడ్డ పుట్టిందేమో. కాబట్టి తెర మీద చుక్కను చూసి మనిషిని తప్పు పట్టకూడదు. అడిగి తెలుసుకోవాలి.

ఇది ఒక్క 108 సంగతే కాదు. మన అంగన్‌వాడీ టీచరు కూడా 2021 నుంచి పిల్లల బరువు, ఎత్తు ఫోనులో ఎక్కిస్తోంది. ఆశా కార్యకర్తకూ ఫోను పని ఉంది. సిగ్నల్ లేక లెక్క ఎక్కకపోతే ఆమె పని చేయనట్టు కాదు. ఆమె మన ఇంటికి వచ్చిందా లేదా అన్నది మనకు తెలుసు. అవసరమైతే ఆ మాట మనమే చెప్పాలి.

ఊరికి పోయే బస్సులకూ ఈ పెట్టెలు వచ్చాయి. బస్సులు, టాక్సీల వంటి కొత్త బండ్లకు 2019 నుంచి ఈ పెట్టె, ఆపద మీట ఉండాలని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. మీట అంటే నొక్కే బటను. ఈ నియమం ఆటోలకు లేదు. బండి ఎక్కినప్పుడు ఆ మీట ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ఎర్రగా ఉంటుంది.

సిగ్నల్ లేని చోట

కొండల్లో, అడవుల్లో ఉన్న అక్కచెల్లెళ్ళ కష్టం వేరు. అక్కడ కొన్ని గూడేలకు టవరు లేదు. టవరు ఉన్నా బండి పోయే దారి లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణులను డోలీలో మోసుకువచ్చే వార్తలు ఇప్పటికీ వింటున్నాం. ఎంత మంచి యంత్రమైనా లేని రోడ్డు మీద బండిని నడపలేదు.

ఇట్లాంటి చోట ఒకటే ఉపాయం. నొప్పులు వచ్చేదాకా ఆగకూడదు. నెలలు నిండకముందే కిందికి దిగాలి. సాలూరులో ఇందుకోసమే గిరిజన గర్భిణులకు వసతి గృహం నడిపారు. కాన్పుకు కొన్ని వారాల ముందే వచ్చి అక్కడ ఉండేవాళ్ళు. తిండి పెట్టారు. నర్సులు చూశారు. మీ దగ్గర అట్లాంటి ఏర్పాటు ఉందేమో ఏఎన్ఎంను అడగండి. లేకపోతే ఆస్పత్రికి దగ్గరలో ఉన్న చుట్టాల ఇంట్లో ఉండవచ్చు.

దారి అడగడం, టవరు అడగడం కూడా మన పనే. గ్రామసభలో నలుగురూ కలిసి అడగండి. అర్జీ రాసి ఇవ్వండి. ఇప్పుడు రాయడం వచ్చు కదా!

చీటీ ఎట్లా రాయాలి?

ఇంట్లో గర్భిణి ఉన్నా, ముసలివాళ్ళు ఉన్నా, జబ్బు మనిషి ఉన్నా ఒక చీటీ రాసి పెట్టుకోవాలి. పెద్ద అక్షరాలతో రాయండి. తలుపు వెనక అంటించండి. అందులో ఇవి ఉండాలి:

ఊరి పేరు. వాడ పేరు లేదా కాలనీ పేరు.

మండలం పేరు. ఇప్పటి జిల్లా పేరు.

రోడ్డు మీద కనపడే గుర్తు. గుడి, మసీదు, చర్చి, బడి, నీళ్ళ ట్యాంకు, ఏదైనా సరే. రాత్రిపూట కూడా కనపడేది అయితే మంచిది.

ఆ గుర్తు నుంచి ఇంటికి ఎట్లా రావాలి. కుడివైపా, ఎడమవైపా, ఎన్నో సందు.

మన ఫోను నంబరు. ఆశా నంబరు. ఆటో ఉన్న ఒక మనిషి నంబరు.

గర్భిణికి ఎన్నో నెల, ఎన్నో కాన్పు, బీపీ గానీ రక్తహీనత గానీ ఉందా అన్నది.

ఫోను చేసినాక ఇవి మరవకండి. వాళ్ళు చాలని చెప్పేదాకా ఫోను పెట్టేయవద్దు. ఆ తర్వాత ఆ ఫోనుతో చుట్టాలందరికీ ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. బండివాళ్ళు చేస్తే లైను దొరకదు. చుట్టాలకు వేరే ఫోనుతో చెప్పండి. మంచి ఫోను ఉంటే లొకేషన్ పంపమని బండివాళ్ళు అడగవచ్చు. అది పంపడం ఎట్లాగో ముందే పిల్లలను అడిగి నేర్చుకోండి.

"బండి ఇప్పుడు ఎక్కడుంది? ఎంతసేపు పడుతుంది?" అని మీరు కూడా అడగండి. అడగడం తప్పు కాదు. చాలా ఆలస్యం అవుతుందని చెబితే ఆటో మాట్లాడుకోవచ్చు. అప్పుడు ఆ సంగతి 108కి చెప్పండి. చెబితే ఆ బండి ఇంకొకరికి పోతుంది.

ఒక మనిషిని టార్చిలైటు ఇచ్చి రోడ్డు మీదికి పంపండి. ఆస్పత్రి కార్డు, ఆధార్ కార్డు, పాత బట్టలు ఒక సంచిలో సిద్ధంగా పెట్టండి.

పిల్లలు ఆటకు 108 నొక్కుతుంటారు. నొక్కనివ్వకండి. వాళ్ళ ఆట ముగిసేలోపు ఇంకొక తల్లికి లైను దొరకకపోవచ్చు.

ఆ రాత్రి

ఆ రాత్రి పక్కింటి పిల్లవాడు టార్చి పట్టుకుని వేపచెట్టు కింద నిలబడ్డాడు. కాసేపటికి ఫోను మోగింది.

"అమ్మా, నీళ్ళ ట్యాంకు కనపడుతోంది. ఎడమకు తిరగాలా?"

"అవును బాబూ. రెండో సందు. పిల్లవాడు లైటు వేస్తున్నాడు చూడండి."

బండి వచ్చింది. టెక్నీషియను లోపలికి వచ్చి చూసింది. చిన్న కోడలిని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. పెద్ద కోడలు సంచి తీసుకుని వెంట ఎక్కింది. అత్త గడపలో నిలబడి దండం పెట్టుకుంది.

తెల్లవారేసరికి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

గుర్తుంచుకుందాం

బండి చోటు జీపీఎస్ చెబుతుంది. ఇంటి చోటు మనమే చెప్పాలి.

ఊరు ఒక్కటే చెబితే చాలదు. మండలం, జిల్లా, గుర్తు చెప్పాలి.

ఫోను చేసిన నంబరు ఖాళీగా ఉంచాలి.

దారి లేని ఊళ్ళవాళ్ళు ముందే ఆస్పత్రి దగ్గరికి చేరాలి.

కలిసి మాట్లాడుకోండి

మీ ఇంటికి రాత్రిపూట కొత్తవాళ్ళు రావాలంటే ఏ గుర్తు చెబుతారు?

మీ వాడ పేరు బోర్డు మీద రాసి ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?

మీ ఊళ్ళో ఎవరికైనా 108 ఆలస్యంగా వచ్చిందా? ఎందుకు ఆలస్యమయిందో తెలుసుకున్నారా?

ఈ రోజే మీ ఇంటికి ఒక చీటీ రాయండి. చదవడం రాని పొరుగింటి ఆమెకు ఇంకొకటి రాసి ఇవ్వండి.